మధ్యయుగ ఇంగ్లండు పార్లమెంటు: రాజు అక్కర, ప్రజల విన్నపం

'చట్టసభ' అన్న తెలుగు మాట నేటి పార్లమెంటుకు సరిపోతుంది. అదే మాటతో పదమూడో శతాబ్దపు ఇంగ్లండు పార్లమెంటును చూస్తే మాత్రం దాని స్వరూపం బోధపడదు. 'మాట్లాడటం' అనే అర్థం గల ఫ్రెంచి క్రియనుంచి వచ్చిన ఆ పేరు 1236 నాటి రాజన్యాయస్థాన పత్రాల్లో, ఒక వ్యాజ్యాన్ని వాయిదా వేసిన సందర్భంలో కనిపిస్తుంది. రాజు ప్రభువులతో, మతాధిపతులతో, న్యాయాధికారులతో కూర్చుని కింది న్యాయస్థానాల్లో తేలని తగవులు విచారించే చోటు అది. మన కావ్యభాషలోని 'కొలువు' దానికి ఎక్కువ దగ్గర.

రాజాధికారాన్ని అణచడానికి ప్రజలు పార్లమెంటును సాధించుకున్నారన్న కథనం బాగా ప్రచారంలో ఉంది. ఆధారాలు ఆ కథనాన్ని పూర్తిగా సమర్థించవు. రాజ్య ఆలోచనసభ సమ్మతి లేనిదే అసాధారణ పన్నులు వేయరాదన్న 1215 మాగ్నా కార్టా నిబంధనను 1216 నాటి పునఃప్రకటనలోనే తొలగించారు. అయినా సమ్మతి అవసరం పోలేదు, యుద్ధవ్యయం దాన్ని నిలిపింది. గాస్కనీ యుద్ధానికి ధనం కావలసి 1254లో ప్రతి కౌంటీనుంచి ఇద్దరు నైట్లను పిలిపించారు. 1265లో పట్టణ ప్రతినిధులను కూడా పిలిచిన సైమన్ డి మాంట్‌ఫర్ట్ తిరుగుబాటుదారు. తన చెరలో ఉన్న మూడో హెన్రీ పేరుతోనే ఆయన ఆ ఆహ్వానాలు పంపించాడు. రాజు పేరు లేకుండా పార్లమెంటు లేదు!

అదే ఏడు ఈవ్‌షామ్ యుద్ధంలో సైమన్‌ను ఓడించిన యువరాజు ఎడ్వర్డ్, తాను రాజయ్యాక ఆ పద్ధతిని వదలలేదు. 1275లోనూ 1295లోనూ కౌంటీల, పట్టణాల ప్రతినిధులను రప్పించాడు. తమ ప్రాంతాన్ని కట్టుబడేలా చేసే పూర్తి అధికారంతో వారు రావాలన్నది రాజాజ్ఞ. దీని ఆంతర్యం గమనించదగినది. ప్రతినిధి ఒప్పుకుంటే ఊళ్ళో ఉన్నవాడూ పన్ను కట్టక తప్పదు. ప్రాతినిధ్యం తొలుత హక్కుగా కంటే బాధ్యతగానే జనం మీద పడిందని నా అభిప్రాయం.

అయితే అడిగేవాడు ఇచ్చేవాడి మాట కూడా వినవలసి వస్తుంది. ఫ్రాన్సుతో, స్కాట్లండుతో పోరాటాలు ముమ్మరమైన 1297లో, రాజ్య సమ్మతి లేని పన్నులు విధించనని మొదటి ఎడ్వర్డ్ ప్రభుత్వం ఒప్పుకోవలసి వచ్చింది. పద్నాలుగో శతాబ్దంలో కామన్స్ సమర్పించిన విన్నపాలకు రాజు అంగీకరిస్తే అవి శాసనాలయ్యేవి. అంటే చట్టం, ధనం అడిగిన రాజుకు ఎదురు వచ్చిన విన్నపం నుంచి పుట్టింది.

ఈ బేరం బలమూ బలహీనతా 1376లో ఒక్కసారే బయటపడ్డాయి. పీటర్ డి లా మేర్ నాయకత్వంలో కామన్స్ పన్ను సంగతి పక్కనబెట్టి, ముందు రాజు చుట్టూ ఉన్నవారి అవినీతిని విచారించాలని పట్టుబట్టారు. లాటిమర్ ప్రభువు, వర్తకుడు రిచర్డ్ లయన్స్ ప్రభువుల ముందు అభియోగాలు ఎదుర్కొన్నారు. మూడో ఎడ్వర్డ్ ప్రియురాలు ఆలిస్ పెరర్స్‌ను కొలువునుంచి పంపివేశారు. సభ ముగిసింది. పార్లమెంటుకు సొంత గడువు లేదు, రాజు పిలిస్తే కూడటం, పొమ్మంటే పోవడం. రాజకుమారుడు జాన్ ఆఫ్ గాంట్ ఆ నిర్ణయాలను తిరగదోడి పీటర్‌ను నాటింగ్‌హామ్ కోటలో బంధించాడు. 1377 జనవరిలో కూడిన సభ తలకు నాలుగు పెన్నీల పన్నుకు తలూపింది.

ఆ జూన్‌లో మూడో ఎడ్వర్డ్ మరణించాడు. కొత్త రాజుకు పదేళ్ళు, ఖజానాకు మళ్ళీ ధనం కావాలి. అక్టోబరులో పార్లమెంటు కూడినప్పుడు కామన్స్ తరఫున మాట్లాడటానికి లేచినవాడు, చెరనుంచి విడుదలై వచ్చిన పీటర్ డి లా మేరే.