రంగుకు ముందు మంట

షోలాపూర్ చద్దరు మీది పువ్వులు, నెమళ్ళు అచ్చు వేసినవి కావు, నేతలోనే పుట్టినవి. అంటే నూలు సాంచెల (మగ్గాల) మీదికి ఎక్కకముందే రంగు పట్టాలి, రంగు పట్టాలంటే నీళ్లు కాగాలి. తెలంగాణ నుంచి వెళ్లి తరాల కింద స్థిరపడ్డ పద్మశాలీల బస్తీల్లో, అశోక్ చౌక్, దత్తనగర్ చుట్టుపక్కల, చద్దరు కథలో ఈ పొయ్యికీ పెద్ద వాటానే ఉంది.

పాతకాలపు రంగుల్లో నీలి ఒక్కటే వేరు. ఆ తొట్టికి పెద్ద మంట అక్కర్లేదు, పులియడమే దాని పని, సూక్ష్మజీవులే చాకిరీ చేసేవి. ఎరుపుకు మాత్రం మంజిష్ఠ లాంటి వేళ్లను పటికతో కాచాల్సిందే.

1860లో రైలొచ్చింది. 1877లో మొదటి మిల్లు మొదలైంది, ఊళ్లో ఇప్పటికీ జూనీ మిల్ అనే అంటారు. అది ఆవిరి మీద నడిచింది. చిన్న రంగుల కార్ఖానాలు మాత్రం కట్టెల్నే నమ్ముకున్నాయి.

రసాయన రంగులొచ్చాక మంట తగ్గుతుందనుకుంటాం. తగ్గలేదు. వ్యాట్ రంగులకు కాస్టిక్ సోడా, హైడ్రో అనే రసాయనం కలిపిన వెచ్చటి తొట్టి కావాలి. ఆ తర్వాత రంగు దిగకుండా ఉండాలంటే నూలు చిలపల్ని సబ్బునీళ్లలో మళ్లీ మరిగించాలి. అందుకే ఇక్కడి బాయిలర్ల పక్కన కట్టెల కుప్ప మామూలు. పచ్చికట్టె వేస్తే దాని నీళ్లు ఆర్చడానికే కొంత వేడి పోతుంది. ఎండిన తుమ్మ దొరికితే కార్ఖానాదారుకు పండగే.

ఇంతలో కాల్చడానికి ఇంకోటి కూడా దగ్గర్లోకి వచ్చింది. 1980 నాటికి భీమా మీద ఉజనీ ఆనకట్ట పూర్తయి, కరువు జిల్లాలో చెరకు పెరిగింది (ఇంత దాహపు పంట ఇక్కడెందుకన్నది వేరే తగాదా). నూరు కిలోల చెరకు ఆడితే సుమారు ముప్ఫై కిలోల పిప్పి మిగులుతుంది. చక్కెర కార్ఖానాలు దాన్నే కాల్చి ఆవిరీ కరెంటూ తీసి, మిగిలిన కరెంటు అమ్ముతాయి. సిద్ధేశ్వర్ సహకార కార్ఖానా అలా కట్టిన ఎత్తైన పొగగొట్టం విమానాలకు అడ్డమని 2023 జూన్ 15న కూల్చేశారు.

సాంచె తిప్పే కరెంటులో ఆ పిప్పి వాటా కొంత ఉండే ఉంటుంది. కానీ పిప్పే రంగు తొట్టి దాకా రావడం అంత తేలిక కాదు. చక్కెర మిల్లు నుంచి వచ్చిన పిప్పిలో సగం తడే, బరువు తక్కువ, జాగా ఎక్కువ. ఆరబెట్టి బ్రికెట్లుగా నొక్కితేనే చిన్న బాయిలర్‌కు పనికొస్తుంది, నొక్కడానికి మళ్లీ ఖర్చు. సందులోని రంగులవాడు ఆ లెక్క వేసుకుని మళ్లీ కట్టెల బండినే పిలుస్తాడు.