ప్రయాణ తరగతులు (జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి)

ప్రయాణ తరగతి అనగా ఒకే గమ్యానికి వెళ్ళే ప్రయాణికులకు వేర్వేరు చార్జీలపై వేర్వేరు సౌకర్యాలు కల్పించే ఏర్పాటు. రైలులో జనరల్, స్లీపర్, ఏసీ తరగతులు, బస్సులో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సూపర్ లగ్జరీ, విమానంలో ఎకానమీ, ప్రీమియం ఎకానమీ, బిజినెస్ తరగతులు ఇందుకు ఉదాహరణలు. తెలంగాణ రాష్ట్రంలోని జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా విభజనతో ఏర్పడినవి. ఈ మూడింటిలో విమానాశ్రయం లేదు. జనగామ, మహబూబాబాద్ పట్టణాలకు రైలు సౌకర్యం కలదు. భూపాలపల్లికి బస్సే ఆధారం. అందువల్ల ఎక్కువ చార్జీ చెల్లించి మెరుగైన సీటు తీసుకోవడం లాభమా కాదా అన్న ప్రశ్నకు ఈ మూడు చోట్ల మూడు రకాల సమాధానాలు వస్తాయి.

చరిత్ర

నిజాం రాజ్యంలో వాడి నుండి సికింద్రాబాదుకు 1874లో రైలు మార్గం ఏర్పడింది. 1886లో అది వరంగల్ వరకు, 1889లో బెజవాడ వరకు పొడిగించబడింది. జనగామ, మహబూబాబాద్ స్టేషన్లు ఈ మార్గంపైనే ఉన్నాయి. ఆ కాలంలో భారతదేశపు రైళ్ళలో మొదటి తరగతి, రెండవ తరగతి, ఇంటర్ తరగతి, మూడవ తరగతి అని నాలుగు అంతరాలు ఉండేవి. ప్రయాణికులలో అత్యధికులు మూడవ తరగతివారే. ఆ పెట్టెలలోని కిక్కిరిసిన జనాన్ని, అపరిశుభ్రతను గురించి మహాత్మా గాంధీ 1917లో ఒక వ్యాసం రాశాడు. 1974లో మూడవ తరగతిని రద్దు చేశారు. మధు దండావతే రైల్వే మంత్రిగా ఉన్న కాలంలో (1977-79) రెండవ తరగతి స్లీపర్ చెక్క బెర్తులకు మెత్తలు వేయడం ప్రారంభమైంది.

ఏసీ పెట్టెలు 1936లోనే వచ్చినా అవి చాలాకాలం సంపన్నులకే పరిమితమయ్యాయి. 1993లో ప్రవేశపెట్టిన ఏసీ త్రీ టయర్ మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది. అంతకంటే కొంత తక్కువ చార్జీతో ఏసీ త్రీ టయర్ ఎకానమీ 2021లో మొదలైంది.

బస్సుల విషయానికి వస్తే, 1932 జూన్‌లో నిజాం ప్రభుత్వ రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో సర్వీసులు ప్రారంభించింది. 1958లో ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ సంస్థ వేరుపడింది. జనగామ, మహబూబాబాద్, తొర్రూరు, భూపాలపల్లి డిపోలు ఈ సంస్థ వరంగల్ రీజియన్ పరిధిలో ఉన్నాయి.

అదనపు చార్జీ దేనికి

ఎక్కువ చార్జీ వలన ప్రయాణికునికి లభించేవి ప్రధానంగా మూడు: కూర్చోవడానికో పడుకోవడానికో చోటు దొరుకుతుందన్న హామీ, శరీర సౌఖ్యం, సమయం ఆదా. ఈ మూడూ అన్ని వాహనాలలో ఒకేవిధంగా లభించవు. ఒకే రైలులో జనరల్ పెట్టెలో నిలబడినవారూ ఏసీ బెర్తుపై పడుకున్నవారూ ఒకే వేళకు గమ్యం చేరుతారు. విమానంలోనూ అంతే. బస్సులలో మాత్రం తరగతి మారితే ఆగే స్థలాల సంఖ్య కూడా మారుతుంది కనుక అదనపు చార్జీతో కొంత సమయం కూడా కలిసి వస్తుంది.

రైలులో చార్జీల తేడాకు ముఖ్య కారణం స్థలం. దాదాపు ఒకే పొడవు గల ఎల్.హెచ్.బి. పెట్టెలో స్లీపర్ తరగతికి 80 బెర్తులు, ఏసీ త్రీ టయర్‌కు 72, ఏసీ టూ టయర్‌కు 52, ఏసీ ఫస్ట్ క్లాసుకు 24 బెర్తులు ఉంటాయి. పెట్టెలో మనుషులు తగ్గేకొద్దీ ఒక్కొక్కరిపై పడే భారం పెరుగుతుంది. ఏసీ తరగతులపై 5 శాతం జి.ఎస్.టి. కూడా ఉంటుంది. స్లీపర్, జనరల్ తరగతులకు ఈ పన్ను లేదు.

కనీస దూరం నిబంధన

తక్కువ దూరం ప్రయాణించేవారు తప్పక తెలుసుకోవలసిన నిబంధన ఒకటి ఉన్నది. ప్రతి తరగతికీ కనీస చార్జీ దూరం నిర్ణయించబడింది. ప్రయాణం అంతకంటే తక్కువ దూరమైనా ఆ కనీస దూరానికి చార్జీ చెల్లించాలి. మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో ఈ కనీస దూరాలు ఇలా ఉన్నాయి:

• రెండవ తరగతి – 50 కి.మీ.
• ఏసీ చైర్ కార్ – 150 కి.మీ.
• స్లీపర్ – 200 కి.మీ.
• ఏసీ త్రీ టయర్, ఏసీ టూ టయర్, ఏసీ ఫస్ట్ క్లాస్ – 300 కి.మీ.

వీటికి తోడు రిజర్వేషన్ రుసుము, సూపర్‌ఫాస్ట్ రైళ్ళయితే సూపర్‌ఫాస్ట్ రుసుము ఉంటాయి. ఈ రుసుములు దూరంతో మారవు. అందువల్ల తక్కువ దూరపు టికెట్‌లో వీటి వాటా ఎక్కువగా కనిపిస్తుంది.

జనగామ

జనగామ సికింద్రాబాద్–కాజీపేట మార్గంలో, సికింద్రాబాదు నుండి సుమారు 85 కి.మీ. దూరంలో ఉన్నది. హైదరాబాదు–వరంగల్ జాతీయ రహదారి (163) కూడా ఈ పట్టణం మీదుగా వెళ్తుంది. ఉద్యోగులు, విద్యార్థులు, వ్యాపారులు అనేకులు రోజూ రాకపోకలు సాగిస్తుంటారు.

పై నిబంధన ప్రకారం ఇక్కడి నుండి సికింద్రాబాదుకు స్లీపర్ టికెట్ తీసుకున్నవారు 85 కి.మీ. ప్రయాణానికి 200 కి.మీ. చార్జీ చెల్లిస్తారు. ఏసీ త్రీ టయర్ అయితే 300 కి.మీ. చార్జీ, అనగా ప్రయాణించిన దూరానికి మూడున్నర రెట్లు. కాబట్టి ఈ దూరానికి పై తరగతి గిట్టుబాటు కాదు. రిజర్వేషన్ గల సెకండ్ సిట్టింగ్ పెట్టెలు ఉన్న పగటి రైళ్ళలో స్వల్ప అదనపు రుసుముతో సీటు ఖాయమవుతుంది. రోజూ వెళ్ళేవారికి సీజన్ టికెట్ అన్నిటికంటే చవక. 150 కి.మీ. వరకు సీజన్ టికెట్లు ఇస్తారు కనుక జనగామ–సికింద్రాబాద్ ప్రయాణం ఆ పరిమితిలోనే ఉన్నది. అయితే సీజన్ టికెట్‌తో సీటు హామీ లేదు.

2025 డిసెంబరు 26 నుండి అమలైన చార్జీల పెంపులో సాధారణ తరగతికి 215 కి.మీ. వరకు మినహాయింపు ఇచ్చారు. మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో మాత్రం ఏసీ, నాన్ ఏసీ తరగతులకు కి.మీ.కు 2 పైసలు చొప్పున పెరిగింది.

మహబూబాబాద్

మహబూబాబాద్ కాజీపేట–విజయవాడ మార్గంలో, వరంగల్, ఖమ్మం నడుమ ఉన్నది. ఢిల్లీ–చెన్నై ప్రధాన మార్గంలో ఇది భాగం. గోల్కొండ, శాతవాహన, కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లు ఈ మార్గంలో నడుస్తాయి. సికింద్రాబాదు ఇక్కడి నుండి సుమారు 200 కి.మీ., విజయవాడ సుమారు 150 కి.మీ. ఉంటాయి.

ఈ దూరాలకు లెక్క మారుతుంది. సికింద్రాబాదుకు స్లీపర్ కనీస దూరం, అసలు దూరం దాదాపు సమానం. విజయవాడకు చైర్ కార్ కనీస దూరం కూడా సరిపోతుంది. కాబట్టి ఈ తరగతులలో ప్రయాణించని దూరానికి చెల్లించవలసిన భారం ఉండదు. తిరుపతికి 500 కి.మీ.కు పైగా ఉన్నందున, రాత్రి ప్రయాణంలో బెర్తుకు పెట్టిన డబ్బు నిద్ర రూపంలో తిరిగి వస్తుంది. వృద్ధులకు, రోగులకు, పసిపిల్లల తల్లులకు ఇది మరింత వర్తిస్తుంది. వయోవృద్ధులకు చార్జీలో ఇచ్చే రాయితీని 2020 మార్చిలో నిలిపివేయడంతో వారి విషయంలో పై తరగతి భారం మునుపటి కంటే పెరిగింది.

మార్గమధ్యంలోని స్టేషన్ల ప్రయాణికులకు మరొక ఇబ్బంది కలదు. రైలు బయలుదేరే స్టేషనుకు ఎక్కువ బెర్తులు, మధ్య స్టేషన్లకు ఉమ్మడి కోటా కింద తక్కువ బెర్తులు కేటాయించబడతాయి. ఈ ఉమ్మడి కోటా నిరీక్షణ జాబితాలోని టికెట్లు ఖాయమయ్యే అవకాశం తక్కువ. అందువల్ల కొందరు సికింద్రాబాదు నుండి టికెట్ తీసుకొని, ఎక్కే స్టేషనును మహబూబాబాద్‌గా నమోదు చేయించుకుంటారు. దూరం పెరిగేకొద్దీ కి.మీ. చార్జీ తగ్గుతుంది కనుక దూరప్రయాణంలో ఈ అదనపు ఖర్చు, పై తరగతికి మారే ఖర్చుకంటే తరచు తక్కువగా ఉంటుంది.

తత్కాల్ టికెట్‌కు సెకండ్ సిట్టింగ్‌లో మూల చార్జీపై 10 శాతం, ఇతర తరగతులలో 30 శాతం అదనంగా వసూలు చేస్తారు. దీనికి కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు ఉన్నాయి. తత్కాల్ రుసుము వలన తరగతి మారదు, సౌకర్యం పెరగదు. చివరి నిమిషంలో చోటు దొరకడమే దాని ఫలం. అడ్వాన్సు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుండి 120 రోజుల నుండి 60 రోజులకు తగ్గించారు.

2023 జనవరి 15న సికింద్రాబాద్–విశాఖపట్నం వందే భారత్ ఎక్స్‌ప్రెస్ ఈ మార్గంలో ప్రారంభమైంది. ఇందులో ఎగ్జిక్యూటివ్ చైర్ కార్ చార్జీ మామూలు చైర్ కార్ చార్జీకి దాదాపు రెట్టింపు. ప్రారంభంలో దీనికి వరంగల్, ఖమ్మం, విజయవాడ, రాజమండ్రిలలో మాత్రమే నిలుపుదల ఇచ్చారు. రైలు తమ ఊరి మీదుగానే వెళ్ళినా జనగామ, మహబూబాబాద్ ప్రయాణికులు దానిని ఎక్కాలంటే వేరొక స్టేషనుకు వెళ్ళవలసి వచ్చింది. అలా వెళ్ళేందుకు పట్టే సమయం, ఖర్చు కూడా లెక్కలో చేరతాయి.

భూపాలపల్లి

భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనులకు, సమీపంలోని చెల్పూరులో గల కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రానికి ప్రసిద్ధి. పట్టణానికి రైలు మార్గం లేదు. రామగుండం–మణుగూరు కొత్త రైలు మార్గం భూపాలపల్లి మీదుగా ప్రతిపాదించబడింది. రైలు ఎక్కాలంటే వరంగల్ లేదా కాజీపేట వెళ్ళాలి. హైదరాబాదుకు నేరుగా వెళ్ళేవారు పరకాల, హనుమకొండ మీదుగా బస్సులో ప్రయాణిస్తారు. ఈ ప్రయాణానికి నాలుగు గంటలకు మించి పడుతుంది.

ఆర్టీసీ సర్వీసులలో ముఖ్యమైనవి:

• పల్లెవెలుగు – దారిలోని ఊళ్ళన్నిటిలో ఆగుతుంది. చార్జీ అన్నిటికంటే తక్కువ.
• ఎక్స్‌ప్రెస్ – ముఖ్యమైన స్టాపులలో మాత్రమే ఆగుతుంది.
• డీలక్స్ – వరుసకు నాలుగు సీట్లు.
• సూపర్ లగ్జరీ – వెనుకకు వాలే సీట్లు, ముందస్తు రిజర్వేషన్.
• రాజధాని, గరుడ ప్లస్ – ఏసీ బస్సులు.
• లహరి – 2023లో ప్రవేశపెట్టిన స్లీపర్ బస్సులు.

మహాలక్ష్మి పథకం ప్రభావం

2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణకు చెందిన మహిళలకు, బాలికలకు, ట్రాన్స్‌జెండర్లకు రాష్ట్ర పరిధిలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం కల్పించబడింది. గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్ తీసుకోవాలి. డీలక్స్, సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకు ఈ పథకం వర్తించదు.

దీనితో ఒకే సూపర్ లగ్జరీ సీటుకు స్త్రీ, పురుషులు చెల్లించే అదనపు ధర వేర్వేరైంది. పురుషునికి అదనపు ఖర్చు అంటే ఎక్స్‌ప్రెస్ చార్జీకి, సూపర్ లగ్జరీ చార్జీకి గల తేడా మాత్రమే. మహిళకు ఎక్స్‌ప్రెస్ ఉచితం కనుక సూపర్ లగ్జరీ చార్జీ మొత్తం అదనపు ఖర్చే అవుతుంది. పథకం తరువాత ఎక్స్‌ప్రెస్ బస్సులలో రద్దీ బాగా పెరిగింది. టికెట్ కొన్న పురుషులకూ సీటు దొరకని సందర్భాలు ఏర్పడ్డాయి. ఆ మేరకు రిజర్వేషన్ గల బస్సు విలువ పెరిగింది. వరంగల్‌లోని ఎం.జి.ఎం. ఆసుపత్రికో హైదరాబాదులోని నిమ్స్‌కో వెళ్ళే గర్భిణి, శస్త్రచికిత్స చేయించుకున్న రోగి వంటివారు గంటల తరబడి నిలబడలేరు. వారికి రిజర్వేషన్ సీటు విలాసం కాదు, అవసరం. పేద కుటుంబం మాత్రం ఉచిత ప్రయాణాన్ని వదులుకొని దానిని కొనవలసి వస్తుంది.

విమాన ప్రయాణంతో పోలిక

ఈ జిల్లాల వారికి విమానాశ్రయం శంషాబాదులో ఉన్నది. ఇది 2008 మార్చిలో ప్రారంభమైంది. వరంగల్ సమీపాన నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు కేంద్ర పౌర విమానయాన శాఖ 2025 ఫిబ్రవరి 28న అనుమతి ఇచ్చింది.

విమానంలో ఎకానమీ సీట్ల వరుసల నడుమ దూరం సాధారణంగా 28 నుండి 32 అంగుళాలు, ప్రీమియం ఎకానమీలో సుమారు 36 నుండి 40 అంగుళాలు ఉంటుంది. గంట, గంటన్నర దేశీయ ప్రయాణంలో ఈ తేడా అంతగా తెలియదు. అమెరికా వంటి దూరదేశాలకు పదిహేను గంటలకు మించి సాగే ప్రయాణంలో, ముఖ్యంగా పిల్లల దగ్గరకు వెళ్ళే వృద్ధ తల్లిదండ్రులకు ఎక్కువగా తెలుస్తుంది. కాళ్ళు కదపకుండా ఎక్కువసేపు కూర్చుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నది. అయితే మధ్యమధ్య లేచి నడవడం ఏ తరగతిలోనైనా అవసరమే. భారతదేశంలో ఎకానమీ టికెట్లపై జి.ఎస్.టి. 5 శాతం కాగా, పై తరగతులపై 2025 సెప్టెంబరు 22 నుండి 18 శాతానికి పెరిగింది.

బేరీజు

రెండు గంటల లోపు పగటి ప్రయాణంలో పై తరగతి వలన లాభం స్వల్పం. కనీస దూరం నిబంధన వల్ల రైలులో ఖర్చు మరీ ఎక్కువ. నాలుగైదు గంటల ప్రయాణంలో చల్లదనం కంటే సీటు హామీ ముఖ్యం. దానికి సెకండ్ సిట్టింగ్ లేదా సూపర్ లగ్జరీ చాలు. రాత్రి ప్రయాణంలో బెర్తు వలన లాభం స్పష్టం. స్లీపర్ నుండి ఏసీకి మారడం ఎండకాలంలోనూ అనారోగ్యంలోనూ ఎక్కువ ఉపయోగపడుతుంది. రైల్వేలో ఆటో అప్‌గ్రేడ్ పద్ధతి కూడా కలదు. పూర్తి చార్జీ చెల్లించి, టికెట్ తీసుకునేటప్పుడు సమ్మతి తెలిపినవారికి పై తరగతిలో బెర్తులు మిగిలితే అదనపు చార్జీ లేకుండా కేటాయిస్తారు.

ఇవి కూడా చూడండి

• కాజీపేట జంక్షన్ రైల్వే స్టేషన్
• తెలంగాణ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ
• మామునూరు విమానాశ్రయం