హాస్టలు మెతుకూ, డిగ్రీ పట్టా: ఒక చారిత్రక పరిశీలన

ఏటా జూన్ నెల వచ్చేసరికి మా ఇబ్రహీంపట్నం ప్రాంతంలో ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "చదివేటోడు ఏడున్నా చదువుతడు." ఈ మాట అనేవాళ్లలో ఊరి పెద్దలున్నారు, చదివి ఉద్యోగాలు చేస్తున్నవాళ్లున్నారు. సిగ్గుపడుతూనే చెప్పాలి, మా ఉపాధ్యాయులూ ఉన్నారు. పైకి ఇది పిల్లలకు ధైర్యం చెప్పే మాటలా ఉంటుంది. అది చేసే పని మాత్రం వేరు. చదవలేకపోయినవాడి నేరాన్ని వాడి నెత్తినే పెట్టి, చదివించవలసిన సమాజాన్ని నిర్దోషిగా వదిలేస్తుంది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తెలంగాణలో, ముఖ్యంగా పాత కరీంనగర్ జిల్లాలో, లేనివాళ్ల బిడ్డ కళాశాల గడప తొక్కిన ప్రతి సందర్భం వెనుకా ఒక పొయ్యి, ఒక పడక, అర్థమయ్యే ఒక భాష ఉన్నాయి. వాటిని ఎవరో ఒకరు, ఏదో ఒక ఒత్తిడి మూలంగా ఏర్పాటు చేశారు. అవి ఉన్నచోట తెలివి బయటపడింది. లేనిచోట అదే తెలివి బీడీల చాట ముందు కూర్చుంది.

1

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది. ఇంగ్లీషును పక్కనపెట్టి ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పిన సంస్థగా దానికి చరిత్రలో గౌరవస్థానం ఉంది. వైద్యం నుంచి తత్వశాస్త్రం దాకా గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చిన అనువాద శాఖ చేసిన కృషి చిన్నది కాదు. కానీ ఆ భాష రాజ్యంలోని అత్యధిక ప్రజల భాష కాదు. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే పల్లె బిడ్డకు ఆ 'దేశీయ భాష' కూడా పరాయి భాషే. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభ గోలచేసి ఆపేసింది. ఆంధ్ర జనసంఘం ఆ అవమానంలోంచే పుట్టింది. తెలుగువాడు సభలో నోరు తెరవడానికే ఇంత పెనుగులాట అవసరమైన కాలంలో, తెలుగులో డిగ్రీ చదవడం ఊహకందని సంగతి.

భాష మొదటి గోడ అయితే, దూరం రెండవ గోడ. డిగ్రీ చదువంటే ఆనాడు హైదరాబాదే. గోదావరి ఒడ్డు నుంచి పట్నం చేరిన పిల్లవాడు ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి? ఈ ప్రశ్నకు మొదట సమాధానం వెతికింది ప్రభుత్వం కాదు, కులాలు. ఉస్మానియా పుట్టిన 1918లోనే రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో, సంపన్నుల విరాళాలతో రెడ్డి హాస్టలు వెలిసింది. సురవరం ప్రతాపరెడ్డి దానికి కార్యదర్శిగా ఉండి గ్రంథాలయాన్ని పెంచారు. అదే బాటలో మరికొన్ని కులాలూ పట్నంలో హాస్టళ్లు పెట్టుకున్నాయి.

ఈ హాస్టళ్లను మనం రెండు విధాలా చూడాలి. అవి లేకపోతే పల్లెల నుంచి వచ్చిన ఒక తరం పట్టభద్రులు కాలేకపోయేది. భువనగిరి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన రావి నారాయణరెడ్డి రెడ్డి హాస్టలు విద్యార్థే. పెట్టినవాళ్లు ఊహించని ఫలితాలను కూడా ఒక సంస్థ ఇవ్వగలదనడానికి ఇది సాక్ష్యం. అయితే ఆ పొయ్యి ఎవరి కోసం వెలిగిందన్నది రెండవ విషయం. కులం పేరుతో పెట్టిన హాస్టలు, కులంలోని పేదవాడికి మెతుకు పెట్టగలదు. కులం గీత కింద ఉన్నవాడికి దాని గడప కూడా కనబడదు.

ఆ గీత కిందివాళ్ల కోసం భాగ్యరెడ్డివర్మ 1910లోనే హైదరాబాదులో బడి తెరిచారు. ఆది హిందూ పాఠశాలలు క్రమంగా 26 దాకా పెరిగి, తర్వాత నిజాం ప్రభుత్వ నిర్వహణలోకి వెళ్లాయి. ఇక్కడి తేడా గమనించాలి. ఒక వర్గం పిల్లలకు హాస్టలు చాలింది, ఎందుకంటే బడి చదువు అప్పటికే అంది ఉంది. మరొక వర్గం ఓనమాల బడి దగ్గర మొదలుపెట్టవలసి వచ్చింది. పట్టా అందుకోవడంలో ఇద్దరి మధ్యా ఒక తరం తేడా అక్కడే పడింది. ఈ తేడాను మరిచిపోయి, నేడు ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టి 'ప్రతిభ' కొలవడం చరిత్ర తెలియనివాళ్లు చేసే పని, లేదా తెలిసీ దాచేవాళ్లు చేసే పని.

2

హాస్టలు విలువ పాలకులకూ బాగా తెలుసు. 1938లో ఉస్మానియా విద్యార్థులు హాస్టళ్లలో వందేమాతరం పాడితే నిషేధించారు. లొంగనివాళ్లను హాస్టళ్ల నుంచీ, విశ్వవిద్యాలయం నుంచీ వెళ్లగొట్టారు. అన్నం, పడక తీసేస్తే చదువు దానంతటదే ఆగుతుందన్నది ఆ శిక్షలోని లెక్క. ఆ లెక్కను తప్పించింది నాగపూరు విశ్వవిద్యాలయం. అక్కడి ఉపాధ్యక్షుడు కేదార్ ఆ విద్యార్థులకు ప్రవేశం ఇచ్చారు. వెళ్లినవాళ్లలో మన కరీంనగర్ జిల్లా వంగర యువకుడు పి.వి. నరసింహారావు ఉన్నారు. పట్నంలో మూసిన తలుపు పరాయి రాష్ట్రంలో తెరుచుకోకపోతే ఆ 'తెలివి' ఏమై ఉండేదో 'చదివేటోడు ఏడున్నా చదువుతడు' అనేవాళ్లు చెప్పాలి.

సాయం దయగా ఉన్నంతకాలం, పెట్టేవాడి ఇష్టం మీద ఆధారపడుతుంది. దానిని హక్కుగా మార్చే ప్రయత్నానికి అంబేద్కర్ పేరు చెప్పుకోవాలి. ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఉన్న కాలంలో, 1944లో, షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ పై చదువుల స్కాలర్‌షిప్పు మొదలైంది. 1950లో ఆయన స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ ఔరంగాబాదులో కళాశాల తెరిచింది. అదే మిళింద కళాశాల. అప్పటికి ఔరంగాబాదు కూడా హైదరాబాదు రాష్ట్రంలోనిదే. దళితుల బిడ్డలు పట్నానికి పోయి దేబిరించవలసిన పనిలేకుండా, కళాశాలే వెనకబడిన మరఠ్వాడాకు వచ్చింది.

3

మన ప్రాంతానికి కళాశాల 1956 తర్వాత దగ్గరైంది. కరీంనగర్‌లో శ్రీ రాజరాజేశ్వర ప్రభుత్వ కళాశాల, ఆ తర్వాత జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి పట్టణాల కళాశాలలు వరుసగా దూరాన్ని తగ్గిస్తూ వచ్చాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటరు, డిగ్రీ పాఠాలను తెలుగులో అచ్చువేసింది. భాష గోడకు పడిన మొదటి పెద్ద కన్నం అది. అనంతరామన్ కమిషన్ నివేదిక మీద 1970లో వెనుకబడిన తరగతులకు 25 శాతం రిజర్వేషన్లు ఇస్తే, హైకోర్టు కొట్టివేసింది. 1972లో సుప్రీంకోర్టు వాటిని నిలబెట్టింది. పద్మశాలి, గౌడ, మంగలి, చాకలి, ముదిరాజుల ఇళ్లలో మొదటి పట్టభద్రులు ఆ తర్వాతి పదేళ్లలోనే కనబడడం యాదృచ్ఛికం కాదు. 1971లో సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల తెరుచుకుంది. సంక్షేమ హాస్టళ్లు తాలూకా కేంద్రాలకు పాకాయి.

వీటి స్థితి ఎలా ఉండేదో అక్కడ చదివినవాళ్లెవరినడిగినా చెబుతారు. నీళ్ల పప్పు, రాళ్ల అన్నం, ఒక గదిలో ఇరవై ట్రంకు పెట్టెలు. అయినా ఆ నీళ్ల పప్పే మా తరాన్ని డిగ్రీ దాకా తెచ్చింది. అక్కడే పిల్లలు పుస్తకంతోపాటు ప్రశ్న వేయడమూ నేర్చుకున్నారు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతుకూలీల జైత్రయాత్ర ముందూ వెనకా, పల్లెలకు తిరిగివచ్చిన విద్యార్థి యువకుల పాత్ర అందరికీ తెలిసినదే. అదే సంవత్సరం అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొర గడీ ముందు చెప్పులు విప్పిన తండ్రికి, కళాశాల చూసివచ్చిన కొడుకు ఎందుకని ప్రశ్నించడం పాలకులకు కల్లోలంగానే కనబడింది.

4

కళాశాలకు రాలేనివాళ్ల దగ్గరికి కళాశాలే వెళ్లాలన్న ఆలోచన 1982లో రూపం తీసుకుంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలో ఏర్పడింది. నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. బడి సర్టిఫికెట్టు లేకపోయినా ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. పాఠాలు తెలుగులో ఇంటికొస్తాయి. ఆదివారాల్లో ఉన్న కళాశాలలోనే తరగతులు జరుగుతాయి. దానికి తొలి ఉపాధ్యక్షుడు జి. రాంరెడ్డి కరీంనగర్ జిల్లావారే. తర్వాత ఆ పదవిలోకి వచ్చిన సి. నారాయణరెడ్డి సిరిసిల్ల తాలూకా హనుమాజీపేటలో పుట్టి, తెలుగు బడి లేక డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలో చదివిన కవి. తనకు దొరకని తెలుగు చదువును వేలమందికి పంచే సంస్థకు ఆయన అధిపతి కావడంలో మన ప్రాంతపు విద్యా చరిత్రంతా ఇమిడి ఉంది.

ఈ సంస్థకూ ఒక పరిమితి ఉంది. పగలంతా బీడీలు చుట్టి, ఇంటి పని చేసి, రాత్రి దీపం దగ్గర పుస్తకం తెరిచే స్త్రీకి పుస్తకం ఒక్కటే చాలదు. అడిగిన సందేహానికి జవాబు చెప్పే మనిషీ, చదువుకు విడిచిపెట్టే సమయమూ కావాలి. సార్వత్రిక విద్య కళాశాలకు తోడుగా ఉన్నంతవరకు మేలు. కళాశాల కట్టకుండా తప్పించుకోవడానికి సాకైతే అది మోసం.

5

2008-09 నుంచి ఫీజుల చెల్లింపు పథకం వచ్చింది. పేదపిల్లలు ప్రైవేటు కళాశాలల్లోకి పెద్ద సంఖ్యలో అడుగుపెట్టారు. ఇది తక్కువ విషయం కాదు. అయితే డబ్బు ప్రభుత్వ కళాశాలకూ, హాస్టలుకూ పోవడానికి బదులు విద్యార్థి పేరు మీద ప్రైవేటు యాజమాన్యానికి పోయే మార్గం కూడా దీనితోనే తెరుచుకుంది. ప్రభుత్వం బకాయి పడితే ఇద్దరి మధ్య నలిగేది విద్యార్థే. 2024లోనూ, 2025లోనూ తెలంగాణ ప్రైవేటు కళాశాలలు బకాయిల కోసం తలుపులు మూశాయి.

మా బడిలో చదివిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. తల్లి బీడీ కార్మికురాలు, తండ్రి గల్ఫ్‌లో కూలి. ఇంటర్లో మంచి మార్కులతో పాసై, ఒక ప్రైవేటు కళాశాలలో డిగ్రీ పూర్తిచేసింది. సర్టిఫికెట్లు అడిగితే, "సర్కారు పైసలు రాలే, మీరు కట్టి తీస్కపోండ్రి" అన్నారు. బి.ఎడ్. కౌన్సెలింగు గడువు దాటింది. ఆ ఏడాది ఆమె తల్లి పక్కన కూర్చుని చాట పట్టింది. "సార్, నేను పాసైన, మరి ఫెయిలైంది ఎవరు?" అని నన్నడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ కళాశాల పేరు నేను రాయను. ఒక్క యాజమాన్యాన్ని దోషిగా నిలబెడితే, ఆ పద్ధతిని పెంచినవాళ్లు సులభంగా తప్పించుకుంటారు.

ఆమె తల్లి చుట్టిన ప్రతి బీడీ మీదా ఒకప్పుడు సంక్షేమ సుంకం ఉండేది. 1976 చట్టంతో ఏర్పడిన ఆ నిధి నుంచే బీడీ కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్పులు వచ్చేవి. 2017లో కొత్త పన్ను విధానం వచ్చి ఆ సుంకాన్ని ఎత్తివేసింది. కార్మికురాలి చెమటలోంచి ఆమె బిడ్డ చదువుకు నేరుగా పారిన చిన్న కాలువ అలా పూడిపోయింది.

6

సాహిత్య విమర్శకులుగా మనం పట్టించుకోవలసిన విషయం మరొకటుంది. మొదటి తరం పట్టభద్రుల ఆత్మకథలు ఇటీవల చాలా వస్తున్నాయి. వాటిలో 'కష్టపడి చదివాను' అన్న వాక్యం పేజీల కొద్దీ విస్తరిస్తే, హాస్టలు వంటమనిషి ఒక వాక్యంలో వచ్చిపోతాడు. తోటి పిల్లల్లో మధ్యలో ఆగిపోయినవాళ్లు ఆ వాక్యానికి కూడా నోచుకోరు. వ్యక్తి విజయంగా రాసుకున్న ప్రతి ఆత్మకథా, తెలియకుండానే జూన్ నెల మాటకు బలం చేకూరుస్తున్నది. ఆగిపోయినవాళ్ల కథలు రాయవలసిన బాధ్యత మనది.

ఉపాధ్యాయులుగా మన పని ఇంకా దగ్గరిది. కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం, ఆన్‌లైన్ దరఖాస్తు కోసం, హాస్టలు సీటు కోసం జూన్‌లో ఆ పిల్లల వెంట మనం నడవాలి. అంతటితో ఆగకూడదు. 2024లో హాస్టళ్ల మెస్ చార్జీలు 40 శాతం పెరిగాయంటే, ఏళ్ల తరబడి విద్యార్థులు ఖాళీ పళ్లాలతో రోడ్డెక్కడం దాని వెనుక ఉంది. బకాయిల పేరుతో సర్టిఫికెట్లు ఆపరాదన్న డిమాండు కూడా అలాగే నిలబడాలి.

వందేళ్ల చరిత్ర మనకు చూపుతున్నది ఇదే: చదివేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. చదవనిచ్చే ఏర్పాటు ఉన్నప్పుడే వాళ్లు పట్టభద్రులయ్యారు. వచ్చే జూన్‌లో ఎవరైనా "చదివేటోడు ఏడున్నా చదువుతడు" అంటే, ఆ అమ్మాయి నన్నడిగిన ప్రశ్నను వాళ్లకు వినిపించండి.