సర్వర్‌పై ఆరెంజ్ లైట్ బ్లింక్ అవుతోందా..? తొందరపడి డిస్క్ లాగొద్దు.. ఏ రంగుకు ఏ అర్థమంటే!

ఆస్పత్రి బిల్లింగ్ అయినా, కాలేజీ అడ్మిషన్లయినా ఆగకుండా నడవాలంటే వెనక గదిలో సర్వర్ బాగుండాలి. తేడా వస్తే ముందుగా చెప్పేవి దానిపై ఉండే చిన్న లైట్లే. అయితే రంగుల అర్థం కంపెనీని, మోడల్‌ను బట్టి మారుతుంది. ఎక్కువగా కనిపించే డెల్ పవర్‌ఎడ్జ్, హెచ్‌పీఈ ప్రొలయంట్ సర్వర్లలో చాలా మోడళ్లకు వర్తించే లెక్క ఇదీ..

సర్వర్ మొత్తం పరిస్థితి: డెల్‌లో నీలం లైట్ నిలకడగా ఉంటే అంతా ఓకే. అదే నీలం బ్లింక్ అయితే కంగారొద్దు.. ర్యాక్‌లో ఆ సర్వర్‌ను గుర్తుపట్టేందుకు ఎవరో ఐడీ ఆన్ చేశారన్నమాట. ఆరెంజ్ బ్లింక్ అయితే మాత్రం ఎక్కడో లోపం ఉంది. హెచ్‌పీఈలో ఆకుపచ్చ అంటే నార్మల్, ఆరెంజ్ బ్లింక్ అయితే సమస్య మొదలైనట్టు, ఎరుపు బ్లింక్ అయితే పరిస్థితి సీరియస్.

డిస్క్ లైట్లు: అసలు ప్రమాదం ఇక్కడే. డెల్‌లో ఆరెంజ్ వేగంగా బ్లింక్ అయితే డిస్క్ ఫెయిలైనట్టు. ఆకుపచ్చ, ఆరెంజ్, ఆ తర్వాత ఆఫ్.. ఇలా మారుతుంటే త్వరలో ఫెయిల్ కావచ్చని ముందస్తు హెచ్చరిక. ఆకుపచ్చ నెమ్మదిగా బ్లింక్ అయితే డేటా రీబిల్డ్ అవుతోంది. హెచ్‌పీఈలో నిలకడగా ఆరెంజ్ ఉంటే ఫెయిలైనట్టు. తెల్ల లైట్ వెలిగితే ఆ డిస్క్‌ను అస్సలు తీయొద్దు.

ఎందుకంటే.. రెయిడ్-5 ఒక్క డిస్క్ పోతేనే తట్టుకుంటుంది. ఒకటి ఫెయిలైనప్పుడు పొరపాటున పక్కనున్న మంచి డిస్క్ లాగితే వాల్యూమ్ మొత్తం పడిపోతుంది.

పవర్ సప్లై: డెల్‌లో ఆకుపచ్చ ఉంటే కరెంటు సరిగా అందుతోంది. ఆరెంజ్ బ్లింక్ అయితే యూనిట్‌లో సమస్య. లైటే లేకపోతే ముందు కేబుల్, ప్లగ్ చూడండి.

ఏం చేయాలి?

* ఫొటో కాదు, ఫోన్‌లో వీడియో తీయండి. బ్లింక్ తీరు ఫొటోలో తెలియదు.
* డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐలో తెరిచి లాగ్ చూడండి. ఏ స్లాట్, ఏ సీరియల్ నంబరో రాసుకోండి.
* బ్యాకప్ ఉందో లేదో చూసుకోండి.
* సాఫ్ట్‌వేర్ నుంచి ఆ డిస్క్ లైట్‌ను బ్లింక్ చేయించి, అదేనని తేలాకే తీయండి.
* కొత్త డిస్క్ పెట్టాక రీబిల్డ్ పూర్తయ్యే వరకు మరో డిస్క్ ముట్టుకోవద్దు.

మరో మాట.. సర్వర్ అప్పుడే ఆన్ చేస్తే డిస్క్ లైట్లు కాసేపు వెలగకపోవచ్చు. అది ఫెయిల్యూర్ కాదు. కాసేపు ఆగి చూడండి. అనుమానం ఉంటే మీ మోడల్ మాన్యువల్ చూశాకే చెయ్యి పెట్టండి.