సేడు కెయిటా రూపచిత్రాలు: స్టూడియో తెర నుంచి ప్రదర్శనశాల గోడ దాకా

ఉపోద్ఘాతం

పశ్చిమాఫ్రికాలో నేటి మాలి రాజధాని అయిన బమాకో నగరంలో 1948లో స్టూడియో తెరిచి, అక్కడి ప్రజల రూపచిత్రాలను నలుపు తెలుపుల్లో తీసిన ఛాయాగ్రాహకుడు సేడు కెయిటా. ఆయన 2001లో పారిస్‌లో కన్నుమూశారు. 2016లో అదే నగరంలోని గ్రాన్ పలే ప్రదర్శనశాలలో ఆయన చిత్రాలను విస్తృతంగా ప్రదర్శించారు. 1990ల నుంచి వేసిన పెద్ద ప్రింట్లతోపాటు, స్టూడియో నడిచిన రోజుల్లో వేసిన పాత ప్రింట్లకూ అక్కడ చోటు దక్కింది. ఈ రెండు రకాల ప్రింట్లు ఒకే నెగెటివ్ నుంచి వచ్చినా ఒకే చరిత్రను చెప్పవనీ, కెయిటా కళను అంచనా వేయాలంటే రెండూ కావాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

స్టూడియో పనితీరు

కెయిటా వడ్రంగి కుటుంబంలో పుట్టి, ఆ పనే నేర్చుకున్నారు. 1935లో పినతండ్రి సెనెగల్ నుంచి తెచ్చిచ్చిన కొడాక్ బ్రౌనీ కెమెరా ఆయన దారి మార్చింది. స్టూడియో పెట్టాక ఎక్కువగా ఇంటి ముంగిట, సహజమైన వెలుతురులోనే ఫోటోలు తీసేవారు. ఖర్చు కలిసిరావడానికి సాధారణంగా ఒక్కొక్కరికి ఒక్క ఫోటోతోనే సరిపెట్టేవారు. 13×18 సెంటీమీటర్ల నెగెటివ్‌ను నేరుగా కాగితంపై ఉంచి ప్రింటు వేసేవారు కనుక చిత్రమూ అంతే ఉండేది. అది ఇంట్లో దాచుకోవడానికి, బంధువులకు పంపడానికి వీలైన కొలత.

సూటు, చేతి గడియారం, కలం, రేడియో, స్కూటరు వంటివి స్టూడియోలో సిద్ధంగా ఉండేవి. తాము ఎలా కనబడాలో ఎంచుకునే హక్కు ఫోటో దిగేవారిది. ఆ ఎంపికకు కూర్పునిచ్చే నైపుణ్యం కెయిటాది. అందువల్ల వలస పాలన చివరి దశలో, 1960లో మాలి స్వతంత్రమయ్యే దాకా, బమాకో పౌరులు తమను తాము ఎలా ఊహించుకున్నారో ఈ చిత్రాలు చూపుతాయి.

తెరే కాలసూచిక

ఫోటో దిగేవారి వెనక కెయిటా కట్టిన తొలి తెర కుచ్చుల అంచున్న తన సొంత దుప్పటి. ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి తెర మార్చేవారు. ఏ చిత్రం ఎప్పటిదో ఆ తెరలను బట్టే గుర్తుపట్టగలిగేవాణ్నని ఆయనే చెప్పారు. వస్త్రాల పూల నమూనాలు తెర నమూనాలో కలిసిపోవడాన్ని విమర్శకులు ప్రధానంగా సౌందర్య లక్షణంగా చర్చించారు. పరిశోధకులకు ఆ తెర నమూనా తేదీ నిర్ధారించే ఆధారం కూడా.

పేరు, పరిమాణం

1991లో న్యూయార్క్‌లో జరిగిన ఒక ప్రదర్శనలో కెయిటా చిత్రాలు అజ్ఞాత ఛాయాగ్రాహకుడివిగా కనిపించాయి. వాటి కర్తను వెతుక్కుంటూ ఫ్రెంచ్ క్యురేటర్ ఆంద్రే మాన్యాఁ బమాకో వెళ్లారు. 1994లో పారిస్‌లోని కార్టియే ఫౌండేషన్‌లో కెయిటా పేరుతోనే ప్రదర్శన జరిగింది. అప్పటి నుంచి ఆయన నెగెటివ్‌లతో ఇతరులు వేసిన పెద్ద ప్రింట్లు ప్రపంచమంతా తిరిగాయి. వాటిలో నలుపు తెలుపుల వ్యత్యాసం పాత ప్రింట్ల కంటే తీవ్రంగా ఉంటుంది. ఈ మార్పు వల్ల కర్తృత్వం గురించి తలెత్తే ప్రశ్నలను పరిశోధకురాలు ఎలిజబెత్ బిగమ్ 1999లోనే చర్చకు తెచ్చారు.

అయితే పెద్ద ప్రింటును పరాయి చేతుల సృష్టిగా తోసిపుచ్చడం సరికాదు. తన నెగెటివ్‌లను అంత పెద్దగా మొదటిసారి చూసినప్పుడు పొందిన ఆనందాన్ని కెయిటా స్వయంగా చెప్పుకున్నారు. అటువంటి ప్రింట్లపై సంతకమూ చేశారు. ఆయన కూర్పులోని శక్తిని, నేత పనిలోని సూక్ష్మ వివరాలను పెద్ద ప్రింటు స్పష్టంగా చూపుతుంది. ఆ ఫోటో ఎవరి కోసం తీశారో, ఎలా చేతులు మారిందో పాత ప్రింటే చెబుతుంది.

ముగింపు

కనుక ఇటువంటి ప్రదర్శనల్లో ప్రతి చిత్రం కింద ఫోటో తీసిన కాలంతోపాటు ప్రింటు వేసిన సంవత్సరం, వేసినవారి పేరు, తొలి ప్రింటు కొలత తప్పక ఉండాలి. ఈ వివరాలు లేకపోతే 1950ల బమాకో అభిరుచి ఏదో, 1990ల పారిస్ అభిరుచి ఏదో ప్రేక్షకుడు విడదీసి చూడలేడు. ఛాయాగ్రాహకుడికి పేరు తిరిగి దక్కింది. డబ్బు చెల్లించి, తన రూపాన్ని తానే ఎంచుకున్న బమాకో పౌరుడికి కూడా ఆ చిత్రంలో వాటా ఉందని ప్రదర్శనశాలలు గుర్తించాలి.