ధనంబోడు మట్టి, మాంధాత రాయి

జగ్గయ్యపేట ఎలా పుట్టిందని ఊళ్లో ఎవరినడిగినా రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి పేరే చెబుతారు. ఒకప్పటి బేతవోలు పల్లెను పేటగా పెంచి, తండ్రి జగ్గయ్య పేరు పెట్టింది ఆయనే. ఆ జమీందారే 1790లలో కృష్ణ ఒడ్డున అమరావతి పట్నం కట్టిస్తుంటే, ఇటుకల కోసం దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వుతున్న పనివాళ్లకు చెక్కడపు రాళ్లు బయటపడ్డాయి. కబురు విని 1798లో సర్వేయర్ కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. అమరావతి పేరు అలా దేశాలు దాటింది. జగ్గయ్య పేరు పెట్టుకున్న ఊరి పక్కనున్న దిబ్బ మాత్రం పండితుల కంట పడడానికి మరో ఎనభై ఏళ్లకు పైగా పట్టింది.

ఆ దిబ్బ పేరు ధనంబోడు. పేరులోనే జనం ఆశ ఉంది: బోడు కింద ధనం ఉందని.

1882లో దక్షిణాది పురావస్తు సర్వే అధికారి జేమ్స్ బర్జెస్ అక్కడ తవ్వించాడు. లంకెబిందెలు దొరకలేదు. సుమారు ముప్పై అడుగుల అడ్డకొలత ఉన్న ఒక బౌద్ధ స్తూపం దొరికింది. దాని కడుపులో ఏముందో బర్జెస్ చూసి రాసినదాన్ని మట్టిపని తెలిసినవాళ్లు ఒకటికి రెండుసార్లు చదవాలి. రెండడుగుల మందాన మట్టి పోసి గట్టిగా దిమ్మిస చేశారు. దానిమీద పెద్ద పెద్ద ఇటుకలను సందు లేకుండా పరిచారు. మళ్లీ మట్టి, మళ్లీ ఇటుక వరుస. అలా వరుసల మీద వరుసలుగా లేపుకుంటూ పోయి, చుట్టూ లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న సున్నపురాతి పలకలు తొడిగారు. అంటే పైకి కనిపించేది రాతి తొడుగు, లోపల బరువు మోసేది మట్టి.

మట్టి కట్టడం ఎలా బతుకుతుందో నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పల్లెల్లో పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. సంక్రాంతి ముందు ఎర్రమట్టితో గోడ మెత్తి, పేడతో అలికి, ముగ్గు పెట్టిన ఇల్లు మరో ఏడాది నిలబడుతుంది. రెండు వానాకాలాలు అలుకు తప్పితే గోడ మూల కరగడం మొదలవుతుంది. స్తూపానికీ అదే న్యాయం. రాతి తొడుగు ఊడి, చూసే మనిషి లేకపోతే నీళ్లు దిగుతాయి, మట్టి జారుతుంది, చివరికి మిగిలేది బోడు.

ఈ స్తూపాన్ని, అంటే వేలగిరి మహాచైత్యాన్ని, చూసుకునే మనుషులు చాలాకాలం ఉన్నారు. వేలగిరి అన్నది ఇక్కడ దొరికిన శాసనంలో ఉన్న ఊరిపేరు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, అంటే క్రీస్తు శకం 3వ శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి మేస్త్రీ ఇక్కడ తూర్పు ద్వారం దగ్గర స్తూపం ముంగిట నిలిపే ఆయక స్తంభాలు అయిదు నిలబెట్టించాడు. కమ్మకరాష్ట్రంలోని నడతూరుకు చెందిన ఆయన తండ్రి నాగచంద్రుడూ మేస్త్రీయే. దానం చేస్తూ తల్లిని ముందు నిలిపాడు. తర్వాత భార్య, కొడుకు, కూతురు, తమ్ముడు, తమ్ముడి భార్య, అందరి పేర్లూ వరుసగా చెక్కించాడు. సకల ప్రాణుల హితం, సుఖం కోరి ఇస్తున్నానన్నాడు. రాజుల దానశాసనాలు మనకు కొల్లలు. ఒక పనివాడు తన సొంత సంపాదనతో, ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని రాయించుకున్న శాసనం ఈ ప్రాంతానికి దొరికిన అపురూపమైన కాగితం లాంటిది.

మరో రాయి మీద నిలబడిన బుద్ధుడున్నాడు. నాగార్జునాచార్యుడి శిష్యుడు జయప్రభాచార్యుడు, ఆయన శిష్యుడు చంద్రప్రభుడు. ఆ ప్రతిమ చేయించింది చంద్రప్రభుడని దాని మీది రాత చెబుతుంది. లిపిని బట్టి అది దాదాపు క్రీ.శ. 600 నాటిది. స్తూపం మీది తొలి అక్షరాలు క్రీస్తు పూర్వానివి. ఏడెనిమిది వందల ఏళ్లు ఆ గుట్ట మీదికి మనుషులు ఎక్కుతూనే ఉన్నారన్నమాట.

ఇక ఈ రాళ్లను లోకానికి చూపిన కెమెరా సంగతి. ఆంధ్ర బౌద్ధ శిల్పం ముందు ఫొటోకు నిలబడింది అమరావతి రాళ్లతోనే. 1845లో మద్రాసు అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన రాళ్లను, మద్రాసు ప్రభుత్వ ఫొటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ 1858లో తీశాడు. 75 ఛాయాచిత్రాల ఆ సంపుటం వచ్చిన మరుసటి ఏడే 121 రాళ్లు ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. అంతకుముందు మెకంజీ మనుషులు చేత్తో గీసిన బొమ్మలే ఆధారం. అవి అద్భుతమైన బొమ్మలే అయినా గీసేవాడి చెయ్యి ఎక్కడో ఒకచోట తన అలవాటును కలుపుతుంది. ఫొటో రాగానే రాతి మీది పగులు, అరిగిన ముక్కు, విరిగిన చెయ్యి ఉన్నదున్నట్టు పడ్డాయి.

బర్జెస్‌కు ఫొటో విలువ ముందే తెలుసు. 1869లోనే గుజరాత్ శత్రుంజయ ఆలయాల మీద ఫొటోల పుస్తకానికి వ్యాఖ్య రాసినవాడాయన. 1887లో అచ్చయిన ఆయన ‘ది బుద్ధిస్ట్ స్తూపాస్ ఆఫ్ అమరావతి అండ్ జగ్గయ్యపేట’లో 69 చిత్రఫలకాలున్నాయి. వాటిలో చాలావాటికి వాడింది కొలోటైప్ పద్ధతి. గాజు పలక మీది జెలటిన్ పూత వెలుగు తగిలినంత మేర గట్టిపడుతుంది. గట్టిపడిన చోటే సిరా పట్టుకుంటుంది. దాన్ని కాగితం మీద ఒత్తుతారు. కోడిగుడ్డు సొన పూసిన ఆనాటి ఫొటో కాగితాలు పసుపుబారి వెలిసిపోయేవి. కొలోటైప్ సిరాతో అచ్చేసింది కాబట్టి అంత తేలిగ్గా వెలవదు.

జగ్గయ్యపేట శిల్పాన్ని ఫొటో తీయడం అంత సులువైన పని కాదు. చెక్కడం లోతు బాగా తక్కువ, దాదాపు బల్లపరుపు. పలక లేతరంగుది. నడిమధ్యాహ్నం ఎదురు వెలుతురులో గీతలన్నీ రాతిలో కలిసిపోతాయి. పక్కనుంచి ఏటవాలుగా వెలుగు పడితేనే ప్రతి గీతకూ సన్నని నీడ పుట్టి బొమ్మ లేచి నిలబడుతుంది.

అలా లేచి నిలిచే బొమ్మల్లో మాంధాత చక్రవర్తి పలకది మొదటి స్థానం. ఇప్పుడది చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. పలక నడుమ సన్నగా, పొడుగ్గా రాజు. తల మీద పెద్ద పాగా, పైన గొడుగు. కుడి చెయ్యి ఆకాశానికెత్తాడు. మబ్బులోంచి వాన పడుతోంది. దగ్గరికి వెళ్లి చూస్తే అవి చినుకులు కావు, చదరపు నాణేలు. ఆ కాలంలో చెలామణీలో ఉన్న, ముద్రలు కొట్టిన విద్ధాంక నాణేల ఆకారమే అది. చుట్టూ ఏడు రత్నాలు: చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, ధనాధికారి, మంత్రి. జాతక కథలో మాంధాత చేతులు చరిస్తే ధనం కురుస్తుంది. అయినా ఆశ తీరక దేవలోకం మొత్తం తనకే కావాలనుకుని కిందికి జారిపడతాడు. ధనం వాన కురిసే ఈ రాయి, ధనం కోసం ఎదురుచూసిన బోడులోంచే బయటికి వచ్చింది.

బర్జెస్ పుస్తకం మీద ఒక్క ఫిర్యాదు చెప్పుకోవాలి. ఫలకాలు తిప్పుతుంటే ఎక్కువగా చెక్కిన రాళ్లే కనిపిస్తాయి. ఆ రాళ్లను మోసిన మట్టి మాటల్లోనే మిగిలింది. అందం రాతిలోనే ఉందని ఆ తరం నమ్మింది.

మట్టిలోనూ అందం ఉందని కెమెరా ఒప్పించింది అమెరికాలో. న్యూమెక్సికో రాష్ట్రంలోని రాంచోస్ దె తావోస్ పల్లెలో 19వ శతాబ్దం మొదట్లో పూర్తయిన పచ్చి ఇటుకల చర్చి ఒకటుంది. ఫొటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, పాల్ స్ట్రాండ్ 1930 ప్రాంతంలో దాని ముఖద్వారం వదిలేసి, తలుపు, కిటికీ లేని వెనక గోడను ఫొటో తీశారు. ఎండ, నీడ, మట్టి తప్ప ఆ బొమ్మల్లో ఇంకేమీ లేవు. 1967లో ఆ చర్చికి సిమెంటు పూత వేశారు. తేమ లోపల చిక్కుకుని గోడ కుళ్లసాగింది. 1979లో పూతంతా గీకేసి మళ్లీ మట్టి మెత్తారు. ఏటేటా ఊరివాళ్లే గడ్డి కలిపిన మట్టితో దాన్ని మెత్తుకుంటారు, మన అలుకు లాగే. ఇళ్ల పాత గోడలకు సిమెంటు పట్టించే మన పల్లెలకు ఇది దగ్గరి కబురే. ఆ సిమెంటుకు జగ్గయ్యపేట చుట్టుపక్కల తవ్వుతున్నదీ సున్నపురాయే.

ధనంబోడు ఒక్కటే కాదు. 1920లలో పాత నందిగామ తాలూకాలోనే గుమ్మడిదుర్రులో స్తూపం తవ్వారు, అల్లూరులో బ్రాహ్మీ శాసనం దొరికింది. హైదరాబాద్, విజయవాడల మధ్య రోడ్డు మీద రోజూ వేలమంది ఈ ప్రాంతం మీదుగానే వెళుతున్నారు.

జగ్గయ్యపేట, నందిగామల్లో స్టూడియోలున్నాయి, కాలేజీ పిల్లల చేతుల్లో మంచి కెమెరాలున్నాయి. పెళ్లికి ముందు ఫొటోల కోసం ఊటీ దాకా వెళ్లేవాళ్లు ఒక్క ఉదయం ధనంబోడు ఎక్కండి. సూర్యుడు కిందగా ఉన్నప్పుడు ఆ ఇటుక వరుసలనూ వాటి నడుమ మట్టినీ తీయండి. ఏ ఇటుకనూ కదపొద్దు. బొమ్మ వెనక తేదీ, ఊరు, ఏ దిక్కునుంచి తీశారో రాయండి. ఏటా అదే రోజున, అదే చోటు నుంచి మళ్లీ తీయండి. మాంధాత రాయిని చెన్నైలో భద్రంగా చూసుకుంటున్నారు. మట్టిని చూసుకోవాల్సింది ఊరివాళ్లే.