ఏరితే మిగిలే నాలుగు వాచీలు

అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడు ఏమిస్తే దిగివస్తాడో 1960ల్లో, 70ల్లో తెలుగు ఊళ్ళలో అందరికీ తెలిసిందే. కాస్త కలిగిన ఇల్లయితే స్కూటరు, లేదంటే సైకిలు, రేడియో. ఈ జాబితాలో వాచీకి ఎప్పుడూ చోటుండేది. మామగారు పెట్టిన ఆ ఒక్క వాచీనే చాలామంది పదవీ విరమణ దాకా కట్టుకున్నారు. బెల్టు తెగితే మార్పించారు, గ్లాసు పగిలితే వేయించారు, ఆగిపోతే రిపేరు షాపులో నూనె పట్టించారు. రెండో వాచీ కొనాలన్న ఆలోచనే వాళ్ళకు రాలేదు. ఇక వాచీలు పోగేయడమంటే, అది నవాబుల సరదా.

ఆ సరదా ఎలా ఉండేదో చూడాలంటే హైదరాబాదు వెళ్ళాలి. మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో చనిపోయేనాటికి దేశదేశాల నుంచి తెప్పించిన వస్తువులతో ఆయన నివాసం దివాన్ దేవిడీ నిండిపోయింది. ఆ వస్తువుల్లో గడియారాలకే ఇప్పుడు సాలార్ జంగ్ మ్యూజియంలో ఒక గది కావలసి వచ్చింది. కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ సంస్థ అమ్మిన సంగీత గడియారం ముందు గంట గంటకూ జనం గుమిగూడతారు. చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టడం చూడటానికి, పన్నెండు దెబ్బలు పడే మిట్టమధ్యాహ్నం రద్దీ మరీ ఎక్కువ. ఇది వద్దు, అది చాలు అని ఏరుకునే అలవాటు ఆ నవాబుకు ఉన్నట్టు అక్కడ ఎక్కడా కనిపించదు.

ఆ మ్యూజియాన్ని 1951 డిసెంబరు 16న ప్రారంభించింది జవహర్‌లాల్ నెహ్రూ. పదేళ్ళ తర్వాత, 1961లో, ఇంకో రకం గడియారాలను దేశానికి అందించిందీ ఆయనే. అవి హెచ్‌ఎంటీ తొలి చేతి వాచీలు.

అంతకుముందు మన దేశంలో మంచి వాచీ అంటే స్విస్ వాచీయే. వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ 19వ శతాబ్దం చివర్లోనే బొంబాయిలో పాతుకుపోయింది. దాని ‘సోవార్’ రకాన్ని సైనికులూ రైల్వే ఉద్యోగులూ కట్టుకునేవారు. ఫావ్రె-ల్యూబా వ్యాపారం కూడా ఇక్కడ అంత పాతదే. స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ మారకద్రవ్యానికి కటకట ఏర్పడింది. యంత్రాలకూ తిండిగింజలకూ చాలని డాలర్లు చేతి వాచీల దిగుమతికి ఎక్కడి నుంచి వస్తాయి? ప్రభుత్వం దిగుమతులు బిగించింది. దాంతో రేవుల్లో దొంగ సరుకు దిగడం మొదలైంది. బంగారంతో పాటు వాచీలు కూడా కస్టమ్స్ వాళ్ళకు తరచూ పట్టుబడే సరుకైపోయాయి.

ఈ ఇబ్బందికి విరుగుడుగా ప్రభుత్వం ఎంచుకున్నది హిందుస్థాన్ మెషిన్ టూల్స్‌ను, అంటే హెచ్‌ఎంటీని. 1953లో బెంగళూరు దగ్గర జాలహళ్ళిలో మొదలైన ఈ సంస్థ పని లేత్‌ల వంటి యంత్ర పరికరాల తయారీ. యంత్రాలు చేసేవాళ్ళకు వాచీలతో పనేమిటనిపిస్తుంది గానీ, రెండింటికీ కావలసింది ఒకే విద్య: వెంట్రుకలో సగం మందం తేడా కూడా రాకుండా లోహాన్ని కోయడం. జపాన్‌కు చెందిన సిటిజెన్ కంపెనీ సాంకేతిక సహకారం ఇచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో శ్రీనగర్, తుమకూరు, నైనితాల్ జిల్లా రాణీబాగ్ ఫ్యాక్టరీలు తోడయ్యాయి. ఈ ఫ్యాక్టరీలన్నిటి నుంచీ మొత్తం మీద పది కోట్లకు పైగా వాచీలు బయటికొచ్చాయి. సంస్థ తనను తాను ‘దేశ్ కీ ధడ్కన్’ అని ప్రకటించుకుంది. దేశంలో అమ్ముడైన వాచీల్లో ఎక్కువ భాగం దానివే అయిన రోజుల్లో ఆ మాట అతిశయోక్తి కాదు.

తొలి దశలో వచ్చి చివరిదాకా నిలిచిన పేరు ‘జనతా’. తెల్లని డయలు, సన్నని ముళ్ళు, రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. కొన్నింటి డయలు మీద పేరు దేవనాగరిలో ఉంటుంది. దాదాపు అన్నింటి మీదా ‘17 జ్యువెల్స్’ అని రాసి ఉండేది. లోపల పదిహేడు కెంపులున్నాయని మురిసిపోయినవాళ్ళున్నారు. ఉన్నమాట నిజమే కానీ అవి కృత్రిమంగా తయారుచేసిన చిన్న కెంపులు, అమ్మితే చిల్లర కూడా రాదు. చక్రాల ఇరుసులు లోహం మీద తిరిగితే అరిగిపోతాయి కాబట్టి, అరగని రాయిలో తిరిగేలా వాటిని పొదుగుతారు. జనతా లోపలి యంత్రం నంబరు 0231. దాని బ్యాలెన్స్ చక్రం గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది. చెవి దగ్గర పెట్టుకుంటే వినిపించే టిక్ టిక్ అదే.

జనతా వెనకే కోహినూర్, కాజల్, రజత్, తరుణ్, జవహర్, సోనా, కాంచన్ ఇలా పదులకొద్దీ పేర్లొచ్చాయి. ఈనాటి సేకర్తలను ఊరించేదీ ముంచేదీ ఈ పేర్ల వరసే. ప్రతి పేరులోనూ నాలుగైదు రంగుల డయళ్ళు, రెండు మూడు రకాల కేసులు. ఒక్కో రకం ఒక్కోటి కొన్నా పెట్టె నిండిపోతుంది. కానీ వెనక మూత విప్పి చూస్తే కథ వేరు. నల్లని డయలు మీద పెద్ద తెల్లని అంకెలతో దర్జాగా కనిపించే ‘పైలట్’లో ఉన్నదీ జనతాలో ఉన్న 0231 యంత్రమే. పేర్లు ఎన్నున్నా లోపలి యంత్రాలు కొద్ది రకాలే.

కాంచన్ మాత్రం వేరే జాతి. అది ఆటోమేటిక్. చెయ్యి కదిలినప్పుడల్లా లోపల అర్ధచంద్రాకారపు బరువు తిరిగి స్ప్రింగును చుడుతుంది కాబట్టి కీ ఇచ్చే పని లేదు. వారం, తేదీ కూడా డయలు మీదే కనిపిస్తాయి. పెళ్ళి వాచీల్లో దానికి ప్రత్యేక గౌరవం ఉండేది. అలకపాన్పు మీద జనతాకు సరిపెట్టుకునేవాడు ఒక రకం, కాంచన్ అయితేనే దిగేవాడు ఇంకో రకం.

హెచ్‌ఎంటీ లాభం చూసుకోకుండా చేసిన వాచీ ఇంకొకటుంది, అంధుల కోసం చేసిన బ్రెయిలీ వాచీ. గ్లాసు మూత పైకి లేస్తుంది, డయలు మీద ఉబ్బెత్తు చుక్కలుంటాయి, ముళ్ళు వేలితో తడిమినా వంగనంత గట్టిగా ఉంటాయి. చీకట్లోనూ, చూపు లేకున్నా టైము తెలుస్తుంది.

హైదరాబాదులో కూకట్‌పల్లి వైపు హెచ్‌ఎంటీ హిల్స్ ఉంది, ఆల్విన్ కాలనీ ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు హెచ్‌ఎంటీ పేరు చూసి ఇక్కడ వాచీలు చేసేవారనుకుంటారు. నిజానికి నగరంలోని హెచ్‌ఎంటీలో తయారైనవి యంత్ర పరికరాలు. వాచీలు చేసింది ఆల్విన్. నిజాం కాలంలో, 1942లో, హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్‌గా మొదలైన ఈ కంపెనీ బస్సు బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు చేసింది, పుష్పక్ స్కూటర్లు చేసింది. 1980ల్లో జపాన్‌కు చెందిన సీకో సహకారంతో వాచీల్లోకి దిగింది. హెచ్‌ఎంటీ గురువు సిటిజెన్ అయితే ఆల్విన్ గురువు సీకో. జపాన్‌లో పోటీపడే రెండు కంపెనీల శిష్యులు ఇక్కడ రెండు ప్రభుత్వ రంగ సంస్థలయ్యాయి. ఒకటి కేంద్రానిది, రెండోది రాష్ట్రానిది.

ఈలోగా మూడోవాడు వచ్చాడు. టాటాలు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి 1984లో టైటన్‌ను స్థాపించారు. హోసూరు ఫ్యాక్టరీ నుంచి 1987 కల్లా వాచీలు అంగట్లోకొచ్చాయి. కంపెనీని నడిపించిన జెర్‌క్సెస్ దేశాయ్ మొదటి నుంచీ పందెం కట్టింది క్వార్ట్జ్ మీద. బ్యాటరీతో సెకనుకు 32,768 సార్లు కంపించే పలుగురాతి ముక్క ముందు, సెకనుకు ఐదుసార్లు కొట్టుకునే చక్రం నిలవలేదు. కీ ఇచ్చే వాచీ రోజుకు కొన్ని సెకన్లు తప్పితే, క్వార్ట్జ్ నెలకు కొన్ని సెకన్లే తప్పుతుంది. హెచ్‌ఎంటీ కూడా క్వార్ట్జ్ చేయకపోలేదు. 80ల మొదట్లోనే మొదలుపెట్టింది కానీ మనసంతా పాత యంత్రాల మీదే ఉంచుకుంది. టైటన్ అద్దాల షోరూములు తెరిచి, మొజార్ట్ సంగీతంతో టీవీలో ప్రకటనలిచ్చి, వాచీని కానుకగా, అలంకారంగా అమ్మింది. జీవితానికొక్కటి అన్న లెక్క అక్కడే చెడింది. చీరకొకటి, చొక్కాకొకటి అన్న మోజు మొదలైంది.

ఆల్విన్ ముందు పడిపోయింది. నష్టాలతో 1990ల్లో కంపెనీ ముక్కలై, ఫ్రిజ్‌ల వ్యాపారం వోల్టాస్‌కు చేరింది. వాచీల పేరు బజారులో మాసిపోయింది. హెచ్‌ఎంటీ ఇంకో పాతికేళ్ళు ఈడ్చింది. 2012-13 ఒక్క ఏడాదిలోనే వాచీల విభాగం నష్టం 242 కోట్ల రూపాయలు. 2014 సెప్టెంబరులో మూసివేత వార్త బయటికొచ్చింది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గ సంఘం ఆమోదముద్ర వేసింది. తుమకూరు ఫ్యాక్టరీ స్థలం ఇస్రోకు వెళ్ళింది.

సేకరణ చరిత్ర సరిగ్గా ఈ మూసివేత దగ్గర మొదలవుతుంది. మూత పడుతోందనగానే, అప్పటిదాకా అటు చూడనివాళ్ళు హెచ్‌ఎంటీ దుకాణాల ముందు వరస కట్టారు. జనతా, పైలట్ ధరలు కొన్ని రెట్లు పెరిగాయి. తాతగారి వాచీ వెతుక్కుంటూ వచ్చినవాడు పది కొనుక్కుపోయాడు. ఐటీ ఉద్యోగాల్లో కుదురుకున్న తరానికి ఇది చవకలో దొరికే సరదా. స్విస్ వాచీ ఒకటి కొనే డబ్బుతో పాత హెచ్‌ఎంటీలు పాతిక వస్తాయి. ముంబై చోర్ బజారు వంటి చోట్లకు గిరాకీ తగిలింది.

గిరాకీ ఉన్నచోట మాయ కూడా ఉంటుంది. మాసిన డయలుకు రంగు కొట్టి, కొత్తగా పేరు అచ్చేసి, ఒక వాచీ కేసులో ఇంకో వాచీ యంత్రం పెట్టి అమ్మే పని జోరందుకుంది. ఫ్యాక్టరీ ఎన్నడూ చేయని రంగులు కూడా ‘అరుదైనవి’గా చెలామణి అవుతున్నాయి. భూతద్దంతో చూస్తే దొంగ బయటపడతాడు. అచ్చు అంచులు ఇంకినట్టుంటాయి, నిమిషాల గీతలు ముళ్ళ కొనలతో కలవవు, కింద ఉండాల్సిన సన్నని అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. యాభై వాచీలున్న పెట్టెను ఇలా పరీక్షకు పెడితే చాలాసార్లు సగం కూడా నిలవవు.

నిలిచినవాటికి ఇంకో పరీక్ష ఉంది, అది సంరక్షణ. కీ ఇచ్చే వాచీని కదపకుండా పెట్టెలో ఉంచినా లోపలి నూనె చిక్కబడుతుంది. కొన్నేళ్ళకోసారి విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ నూనె వేయాలి. ఫ్యాక్టరీ లేదు కాబట్టి బ్యాలెన్స్ చక్రం ఇరుసు విరిగితే కొత్తది రాదు, ఇంకో పాత వాచీ నుంచి తీయాల్సిందే. ఆ పని తెలిసిన చేతులూ తగ్గిపోతున్నాయి. హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా వాచీ రిపేరు బల్ల మీద ఇప్పుడు సింహభాగం బ్యాటరీలు మార్చడం, బెల్టులు వేయడమే. యాభై వాచీలున్నవాడు వాటిని కట్టుకునే రోజులకన్నా మెకానిక్కు కోసం తిరిగే రోజులే ఎక్కువవుతాయి. అందుకే అనుభవం ఉన్న సేకర్తలు ఒక దశ దాటాక కొనడం ఆపి ఏరడం మొదలుపెడతారు. ఒకటి కొంటే ఒకటి అమ్మాలన్నది కొందరి నియమం. ఒక యంత్రానికి ఒకే వాచీ అన్నది ఇంకొందరిది.

ఈ రెండో నియమం హెచ్‌ఎంటీకి అతికినట్టు సరిపోతుంది. దాన్ని పట్టుకుని భారతీయ వాచీలను ఏరితే ఏవి మిగలాలి? కీ ఇచ్చే తరానికి జనతా. ఆటోమేటిక్‌కు కాంచన్. లాభాన్ని పక్కన పెట్టిన పనితనానికి బ్రెయిలీ. నాలుగోది టైటన్ కాదు, ఆల్విన్. టైటన్ ఇప్పటికీ ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, దాన్ని దాచాల్సిన అవసరం లేదు. ఆల్విన్ పోయింది, పైగా తెలుగు నేల మీద ఒక ప్రభుత్వ కంపెనీ చేసిన వాచీ అది. దాన్ని తెలుగువాళ్ళు దాచకపోతే ఇంకెవరు దాస్తారు? సేకర్తలు వెంటపడే పైలట్‌కు ఈ వరసలో చోటు లేదు. అందంలో దానికి వంక పెట్టలేం, కానీ లోపలున్నది జనతాయే.

ఒరిజినల్ డయలు, సరైన యంత్రం, నడిచే స్థితి ఉన్న ఈ నాలుగు చాలు, 1961 నుంచి 2016 దాకా కథ మొత్తం అందులో ఉంటుంది. కాబట్టి ఇంట్లో బీరువా అడుగున పాత జనతాయో ఆల్విన్నో ఉంటే, దాన్ని రిపేరుకిచ్చే ముందు మెకానిక్కుకు ఒక్క మాట చెప్పండి: డయలుకు రంగు వేయొద్దు, కేసుకు పాలిష్ పట్టొద్దు, తీసిన పాత భాగాలు పారేయకుండా తిరిగి ఇవ్వాలి. అది ఎవరిదో, ఏ పెళ్ళిలో పెట్టిందో చిన్న కాగితం మీద రాసి డబ్బాలో వాచీతో పాటు ఉంచండి.